వై-ఫై కార్డు కనబడదు, కేబుల్ పెడితే మిర్రర్ అందదు: డెబియన్ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగింది

ఉప్పల్_వాసి:

అందరికీ నమస్కారం. విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో దాని పక్కనే డెబియన్ 12 (లినక్స్ సిస్టమ్) వేస్తున్నాను. నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్ (చిన్నది, మిగతాది నెట్ నుంచి దించుకుంటుంది) పెన్‌డ్రైవ్‌లో రాసి యూఈఎఫ్ఐ మోడ్‌లో బూట్ చేశాను. సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంది. నెట్‌వర్క్ దగ్గరికి వచ్చేసరికి ఎటూ కదలడం లేదు.

వై-ఫై: హార్డ్‌వేర్ గుర్తించే దశలో ల్యాన్ కార్డు ‘ఈఎన్‌పీ2ఎస్0’ ఒక్కటే కనిపిస్తోంది. వై-ఫై కార్డు ఊసే లేదు, ఫర్మ్‌వేర్ ఫైలు కావాలని కూడా అడగలేదు. విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు రియల్‌టెక్ ఆర్‌టీఎల్8852బీఈ అని ఉంది.

కేబుల్: మా అపార్ట్‌మెంట్‌కి లోకల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ కనెక్షన్. గోడకున్న ఓఎన్‌యూ (ఫైబర్ వచ్చి చేరే) డబ్బా నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌కి ల్యాన్ వైరు పెడితే డీహెచ్‌సీపీ (అడ్రస్ దానంతట అదే తెచ్చుకునే పద్ధతి) దగ్గర ‘నెట్‌వర్క్ ఆటోకాన్ఫిగరేషన్ ఫెయిల్డ్’ అంటోంది. రౌటర్ వెనక పెడితే 192.168.0.105 అడ్రస్ వచ్చింది. కానీ మిర్రర్ (ప్యాకేజీలు దించుకునే సర్వర్) ఎంచుకున్నాక చాలాసేపు కదలకుండా నిలబడి ‘బ్యాడ్ ఆర్కైవ్ మిర్రర్’ అని ఎర్ర తెర వేస్తోంది. అదే రౌటర్ మీద ఫోన్‌లో యూట్యూబ్ ఏ ఇబ్బందీ లేకుండా ఆడుతోంది.

గిట్‌హబ్‌లో ఈ వై-ఫై కార్డు డ్రైవర్ ఉందట, దాన్ని కంపైల్ చేయాలా? లేక నెట్‌తో పనిలేకుండా డీవీడీ ఇమేజ్ దించుకుని మొదటి నుంచి మొదలుపెట్టాలా?

---

వర్చువల్_టెర్మినల్:

రెండూ వద్దు. మీకున్నవి మూడు వేర్వేరు సమస్యలు. ఒకే తెర మీద కనిపిస్తున్నాయి కాబట్టి ఒకటే అనిపిస్తోంది. నేను వై-ఫై సంగతి చెబుతాను, కేబుల్ గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు.

డ్రైవర్ వేరు, ఫర్మ్‌వేర్ వేరు. డ్రైవర్ కెర్నల్‌లో (సిస్టమ్ గుండెకాయలో) ఉంటుంది, ఫర్మ్‌వేర్ ఆ డ్రైవర్ కార్డులోకి ఎక్కించే ఫైలు. డ్రైవర్ ఉండి ఫైలు లేకపోతే ఇన్‌స్టాలర్ ఫలానా ఫైలు కావాలని పేరు పెట్టి అడుగుతుంది. డ్రైవరే లేకపోతే అడిగేవాళ్లే ఉండరు, కార్డు అసలు లేనట్టే ఉంటుంది. మీది రెండోది. ఆర్‌టీఎల్8852బీఈకి డ్రైవర్ ‘ఆర్‌టీడబ్ల్యూ89’. ఈ చిప్ ఆ డ్రైవర్‌లోకి చేరింది లినక్స్ 6.2లో. డెబియన్ 12 కెర్నల్ 6.1. ఒక్క మెట్టు తేడాతో తప్పిపోయింది.

2022లో డెబియన్‌లో జరిగిన ఓటింగ్ తర్వాత, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇమేజ్‌లోనే పెడుతున్నారు. కాబట్టి పాత బ్లాగుల్లో ఉన్నట్టు ఫర్మ్‌వేర్ ఫైళ్లు వెతికి ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసుకునే శ్రమ ఇప్పుడు అక్కర్లేదు. మీ విషయంలో అది చేసినా ఫలితం ఉండదు, ఆ ఫైలును ఎక్కించే డ్రైవర్ 6.1లో లేదు కదా.

నా మాట వినే ముందు మీరే నిర్ధారించుకోండి. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో ఉంటే కంట్రోల్+ఆల్ట్+ఎఫ్2, టెక్స్ట్‌లో ఉంటే ఆల్ట్+ఎఫ్2 నొక్కి ఎంటర్ కొడితే షెల్ (కమాండ్లు కొట్టే తెర) వస్తుంది. అక్కడ ‘ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే’ కొట్టండి. (కమాండ్లు పలికినట్టు రాస్తున్నాను. టైపు చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో.) వై-ఫై కార్డు లైనులో 10ఈసీ:బీ852 అనే నంబరు ఉండి, దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైను లేకపోతే పైన చెప్పిందే కారణం. ఆల్ట్+ఎఫ్4లో లాగ్ పారుతుంటుంది, ఏ దశలో ఆగినా ముందు చూడాల్సింది అదే. వెనక్కి రావడానికి గ్రాఫికల్‌కి ఆల్ట్+ఎఫ్5, టెక్స్ట్‌కి ఆల్ట్+ఎఫ్1.

మందు: డెబియన్ 13 ఇమేజ్ తీసుకోండి. 2025 ఆగస్టులో వచ్చింది, కెర్నల్ 6.12. ఈ కార్డుకు డ్రైవర్, ఫర్మ్‌వేర్ రెండూ అందులోనే ఉన్నాయి. ఏదో సాఫ్ట్‌వేర్ కోసం 12 తప్పనిసరి అయితే కేబుల్ మీద ఇన్‌స్టాల్ ముగించి, తర్వాత ‘బుక్‌వార్మ్-బ్యాక్‌పోర్ట్స్’ (12కు కొత్త ప్యాకేజీలు ఇచ్చే చోటు) నుంచి కొత్త కెర్నల్‌నూ ‘ఫర్మ్‌వేర్-రియల్‌టెక్’ ప్యాకేజీనీ కలిపి వేయండి. కెర్నల్ ఒక్కటే వేసి ఫర్మ్‌వేర్ పాతది వదిలేస్తే కార్డు కనిపిస్తుంది కానీ లేవదు.

గిట్‌హబ్ డ్రైవర్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను. దాన్ని కంపైల్ చేయడానికి కంపైలర్, కెర్నల్ హెడర్లు కావాలి, అవి దించుకోవడానికి నెట్ కావాలి, ఆ నెట్టే మీకు లేదు. పైగా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. ఎంఓకే అనే సొంత సంతకపు తాళం తయారుచేసి, రీబూట్‌లో నీలం తెర మీద నమోదు చేయాలి. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా అది మళ్లీ బిల్డ్ కావాలి. కెర్నల్‌లోనే డ్రైవర్ ఉండగా ఇదంతా ఎందుకు?

---

తీగలు_జాకులు:

తమ్మీ, ఓఎన్‌యూ డబ్బాకెళ్లి నేరుగా వైరు పెడితే అడ్రస్ రాకపోవుడు డెబియన్ తప్పు కాదు. ఇక్కడి లోకల్ కనెక్షన్లల్ల రెండు పద్ధతులు ఉంటయి. ఒకటి, నీ రౌటర్ మ్యాక్ అడ్రస్‌ను (ప్రతి కార్డుకు ఉండే సొంత నంబరు) ఆపరేటర్ తన దగ్గర రాసుకుంటడు, వేరే మ్యాక్‌కు అడ్రస్ ఇయ్యడు. రెండోది పీపీపీఓఈ, అండ్ల డీహెచ్‌సీపీయే ఉండది, యూజర్ నేమ్ పాస్‌వర్డ్‌తోని డయల్ జేయాలె. రౌటర్ పేజీ తెరిచి ‘వ్యాన్’ సెట్టింగు చూడు. ‘డైనమిక్ ఐపీ’ అని ఉంటే మొదటిది, ‘పీపీపీఓఈ’ అని ఉంటే రెండోది.

పీపీపీఓఈ అయితే డెబియన్ ఇన్‌స్టాలర్‌కు కూడా అది వస్తది, కానీ అడిగితేనే. బూట్ మెనూల ‘ఈ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే లైనుల ‘మాడ్యూల్స్=పీపీపీ-యూడెబ్’ జోడించి ఎఫ్10 కొట్టాలె. మ్యాక్ కట్టేసిన కనెక్షన్ అయితే ల్యాప్‌టాప్‌కు రౌటర్ మ్యాక్ పెట్టొచ్చు, గని నేను వద్దంట. రౌటర్ కూడా అదే లైన్ మీద ఉంటే ఒకే మ్యాక్ రెండు దిక్కుల కనబడి రెండూ సతాయిస్తయి. నీకు రౌటర్ ఉన్నది, దాని వెనకనే పెట్టు, ఈ లొల్లి మొత్తం రౌటరే చూసుకుంటది.

వెబ్ పేజీల లాగిన్ అయ్యే కనెక్షన్లు కూడా ఉంటయి. ఇన్‌స్టాలర్ల బ్రౌజర్ ఉండది గద, మిర్రర్ అడిగితే లాగిన్ పేజీ వచ్చి చేతిల పడతది, ఇన్‌స్టాలర్ దాన్ని చెడ్డ మిర్రర్ అంటది. ఫోన్‌ను అదే రౌటర్ మీద పెట్టి లాగిన్ అయితే, బయటికి రౌటర్ ఒక్కటే కనబడతది కాబట్టి లోపల ఉన్నోళ్లందరికీ తలుపు తెరుచుకుంటది. నీ ఫోన్‌ల యూట్యూబ్ ఆడుతున్నదంటే నీకు ఈ సమస్య లేదు.

ఇంక వైరు సంగతి. అడ్రస్ రాలేదంటే ముందుగాల సిగ్నల్ ఉన్నదా చూడాలె. షెల్‌ల ‘క్యాట్ /ఎస్‌వైఎస్/క్లాస్/నెట్/ఈఎన్‌పీ2ఎస్0/క్యారియర్’ కొట్టు. 1 వస్తే సిగ్నల్ ఉన్నట్టు, 0 వస్తే వైరు కాడనే ఆగింది. ‘క్యారియర్’ తీసేసి ‘స్పీడ్’ అని పెడితే 1000 రావాలె. 100 వస్తే వైరుల జతలు తెగినయేమో చూడు. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నుల రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలె. పాత అపార్ట్‌మెంట్లల్ల ఒకే వైరును చీల్చి రెండు ఇండ్లకు ఇచ్చిన కాడ ఇట్లనే 100కు పడిపోతది. ఇన్‌స్టాల్‌కు 100 కూడా సరిపోతది, కానీ సిగ్నల్ వచ్చుడు పోవుడు ఉంటే జాక్ మల్ల కొట్టియ్యాలె.

విండోస్ పక్కన వేస్తున్నవ్ కాబట్టి ఇది మరవకు: విండోస్‌ల ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్ ఉంటే షట్‌డౌన్ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు. కార్డును సగం నిద్రల వదిలేస్తది. లినక్స్ లేచినంక క్యారియర్ 0 చూపెట్టేదానికి ఇది పెద్ద కారణం. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లల్ల దాన్ని తీసేయ్. లేకుంటే షిఫ్ట్ పట్టుకొని షట్‌డౌన్ నొక్కు, ఛార్జర్ పీకి అర నిమిషం ఆగి బూట్ చెయ్.

---

ఆరో_వెర్షన్:

ఇక మిగిలింది రౌటర్ వెనక అడ్రస్ వచ్చినా మిర్రర్ అందకపోవడం. నాకు ఆసక్తిగా ఉన్నది ఇదే, ఎందుకంటే ‘ఫోన్‌లో బాగానే ఆడుతోంది’ అన్న మాట ఇక్కడ చాలామందిని పక్కదారి పట్టిస్తుంది.

షెల్‌లో వరసగా చూడండి. ‘పింగ్ 192.168.0.1’ అంటే రౌటర్ దాకా దారి ఉందా అని. ‘పింగ్ 8.8.8.8’ అంటే బయటికి ఐపీవీ4 (పాత రకం అడ్రసుల) దారి ఉందా అని. తర్వాత ‘పింగ్ డెబ్.డెబియన్.ఆర్గ్’. మొదటి రెండూ పలికి మూడోది పేరే గుర్తుపట్టలేదంటే డీఎన్ఎస్ (పేరును అడ్రస్‌గా మార్చే) సమస్య. అప్పుడు ‘నానో /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్’ తెరిచి మొదటి లైనుగా ‘నేమ్‌సర్వర్ 1.1.1.1’ పెట్టండి. పేరు అడ్రస్‌గా మారింది కానీ ఆ అడ్రస్ మధ్యలో రెండు చుక్కల గుర్తు (:) ఉన్న పొడుగాటిది, జవాబు రావడం లేదంటే మీ జబ్బు ఐపీవీ6 (కొత్త రకం అడ్రసులు).

జరిగేది ఇది. రౌటర్ లోపలి నెట్‌వర్క్‌కు ‘నా దగ్గర ఐపీవీ6 ఉంది’ అని ప్రకటన పంపుతుంది. ఆపరేటర్ వైపు ఆ దారి పనిచేయదు, లేదా సగమే పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ ఆ ప్రకటన నమ్మి 2తో మొదలయ్యే ఐపీవీ6 అడ్రస్ పెట్టుకుంటుంది. ఇప్పుడు మిర్రర్‌కు రెండు రకాల అడ్రసులూ ఉన్నాయి, సిస్టమ్ ఐపీవీ6ను ముందు ప్రయత్నిస్తుంది. ఫోన్లూ బ్రౌజర్లూ అలా కాదు. ఐపీవీ6 సెకనులో కొంత భాగంలోపు పలకకపోతే పక్కనే ఐపీవీ4 కూడా తెరిచి, ఏది ముందు వస్తే దాన్ని వాడతాయి. ‘హ్యాపీ ఐబాల్స్’ అంటారు, 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8305లో దీని వివరం ఉంది. అందుకే యూట్యూబ్‌కు ఏమీ తెలియదు. ఇన్‌స్టాలర్ మాత్రం చచ్చిన దారి ముందు టైమౌట్ అయ్యేదాకా నిలబడి ఉంటుంది. మీరు ‘చాలాసేపు కదలకుండా’ అన్నారు చూడండి, అదే గుర్తు. డీఎన్ఎస్ పోతే ఇంతకంటే త్వరగా విఫలమవుతుంది.

‘ఐపీ ఏ’ కొట్టి ‘ఐనెట్6’ లైన్లలో 2తో మొదలయ్యేది ఉందేమో చూడండి. ‘ఎఫ్ఈ80’ ఒక్కటే ఉంటే అది లోపలి అడ్రస్, దానితో పేచీ లేదు. 2తో మొదలయ్యేది ఉంటే షెల్‌లోనే ‘ఎకో 1 > /ప్రాక్/ఎస్‌వైఎస్/నెట్/ఐపీవీ6/కాన్ఫ్/ఆల్/డిసేబుల్_ఐపీవీ6’ కొట్టండి. తర్వాత ‘రిజాల్వ్.కాన్ఫ్’ కూడా చూడండి, అందులో నేమ్‌సర్వర్ ఐపీవీ6 అడ్రస్‌గా ఉంటే తీసి 1.1.1.1 పెట్టాలి. ఈ రెండో పని మరిస్తే మొదటిది చేసీ లాభం ఉండదు. ఇన్‌స్టాలర్ తెరకు వెళ్లి మిర్రర్ దశనే మళ్లీ నడపండి, రీబూట్ అక్కర్లేదు.

మళ్లీ మొదటి నుంచి బూట్ చేసేటట్టయితే ‘లినక్స్’ లైనులో ‘ఐపీవీ6.డిసేబుల్=1’ పెట్టండి. ఆ లైనులో మూడు గీతలు ‘---’ కనిపిస్తాయి. వాటికి ముందు రాసింది ఇన్‌స్టాలర్‌కే పరిమితం, తర్వాత రాసింది ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్‌కూ అంటుకుంటుంది. ముందే రాయండి. లోపం రౌటర్‌దో ఆపరేటర్‌దో అయినప్పుడు మీ సిస్టమ్‌లో శాశ్వతంగా ఐపీవీ6ను చంపుకోవడం సరికాదు.

దీనికి పోలిన ఇంకో జబ్బు ఉంది, కలగాపులగం చేసుకోకండి. డౌన్‌లోడ్ మొదలై కొంత నడిచి, ఒక శాతం దగ్గర గడ్డకట్టుకుపోతే అది ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు). పీపీపీఓఈ తన హెడర్‌కు 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి 1500 కాస్తా 1492 అవుతుంది. రౌటర్ దాన్ని సరిదిద్దకపోతే చిన్న ప్యాకెట్లు దాటుతాయి, పెద్దవి మాయమవుతాయి. పింగ్ చక్కగా వస్తుంది, ఫైలు రాదు. ‘ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ2ఎస్0 ఎంటీయూ 1400’ కొడితే తేలిపోతుంది.

---

ఉప్పల్_వాసి:

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఫలితాలు ఇవి.

‘ఎల్ఎస్‌పీసీఐ’లో వై-ఫై 10ఈసీ:బీ852, కింద డ్రైవర్ లైను లేదు. ల్యాన్ కార్డు 10ఈసీ:8168, డ్రైవర్ ‘ఆర్8169’. క్యారియర్ 1, స్పీడ్ 1000. రౌటర్‌లో వ్యాన్ ‘డైనమిక్ ఐపీ’, కాబట్టి నేరుగా పెడితే రాకపోవడానికి మ్యాక్ కట్టేయడమే కారణం అనుకుంటున్నాను. 8.8.8.8 పలికింది. ‘ఐపీ ఏ’లో 2తో మొదలయ్యే ఐపీవీ6 అడ్రస్ ఉంది, ‘రిజాల్వ్.కాన్ఫ్’లో మొదటి నేమ్‌సర్వర్ కూడా ఐపీవీ6దే. రెండూ మార్చాక మిర్రర్ వెంటనే అందింది.

వై-ఫై కోసం ఇక్కడే ఆపి డెబియన్ 13తో మళ్లీ మొదలుపెడతాను. రెండు సందేహాలు. ఇంకోచోట కేబుల్ అందని గదిలో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది, దానికి వై-ఫైయే లేదు. దానికి ఫోన్‌తో కుదురుతుందా? మిర్రర్ లేకుండా ‘కొనసాగించు’ అంటే ఏమవుతుంది?

---

వర్చువల్_టెర్మినల్:

ఫోన్‌తో కుదురుతుంది, డెస్క్‌టాప్‌కు అది తేలిక దారి కూడా. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను వైరు మీద పంచడం) ఆన్ చేశాకే నెట్‌వర్క్ హార్డ్‌వేర్ గుర్తించే దశ నడపండి. ఆ దశ దాటిపోయి ఉంటే ‘వెనక్కి’ నొక్కి మెనూలోంచి మళ్లీ ఎంచుకోండి. ‘యూఎస్‌బీ0’ అనో ‘ఈఎన్ఎక్స్’తో మొదలయ్యే పొడవాటి పేరుతోనో కొత్త కార్డు కనిపిస్తుంది. ఫోన్ వై-ఫైలో ఉంటే చాలా మోడళ్లు ఆ వై-ఫైనే పంచుతాయి, మొబైల్ డేటా ఖర్చు కాదు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే వైర్లు ఉంటాయి, వాటితో టెథరింగ్ బటనే వెలగదు. ఐఫోన్‌తో ఇన్‌స్టాలర్‌లో ప్రయత్నించకండి, దానికి జత కట్టే ప్రోగ్రామ్ వేరే కావాలి.

టెథరింగ్‌లోనూ ఆరో వెర్షన్ గారు చెప్పిన జబ్బు రావచ్చు. అలాగైతే మందు కూడా అదే.

ఆ డెస్క్‌టాప్‌కు శాశ్వతంగా ఏదైనా కొనాలంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ (కంప్యూటర్ షాపుల భవనం)లోనో కోఠి గుజరాతీ గల్లీలోనో అడగండి. అడిగేటప్పుడు కంపెనీ పేరు కాదు, చిప్ పేరు అడగాలి. యూఎస్‌బీ ల్యాన్ అయితే ఆర్‌టీఎల్8153 లేదా ఏఎక్స్88179, రెండింటికీ డ్రైవర్ కెర్నల్‌లో ఉంది. వై-ఫై డాంగిల్ అయితే ఎంటీ7601యూ గానీ ఏఆర్9271 గానీ. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ వరకే, వేగం తక్కువ, కానీ పెట్టగానే లేస్తాయి. అట్ట మీద చిప్ పేరు ఉండదు. షాపులోనే ఏదైనా లినక్స్ ల్యాప్‌టాప్‌కు పెట్టి ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ చూడటం మేలు. 0బీడీఏ:1ఏ2బీ అని కనిపిస్తే ఆ డాంగిల్ విండోస్ డ్రైవర్ దాచుకున్న డిస్క్‌లా నటిస్తోందని అర్థం, ‘యూఎస్‌బీ_మోడ్‌స్విచ్’ లేకుండా నెట్‌వర్క్ కార్డుగా మారదు. ఇన్‌స్టాల్ కోసమే అయితే అది వద్దు.

డెస్క్‌టాప్ పాతదంటున్నారు, తేదీ చూడండి. షెల్‌లో ‘డేట్’ కొడితే ఏళ్ల వెనకటి తేదీ వస్తే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. నెట్ అందగానే ఇన్‌స్టాలర్ గడియారం సరిచేసుకోవడానికి ప్రయత్నిస్తుంది. నెట్ నుంచి సమయం తెచ్చే ఆ ఎన్‌టీపీ దారి మూసి ఉంటే తేదీ అలాగే మిగిలి, మిర్రర్‌లోని సంతకాలు భవిష్యత్తులో చేసినట్టు కనిపించి చెల్లవు. లాగ్‌లో ‘రిలీజ్’ ఫైలు సంతకం గురించి గొడవ ఉంటే ముందు ‘డేట్ -ఎస్’తో నేటి తేదీ పెట్టండి.

మిర్రర్ లేకుండా కొనసాగిస్తే నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్‌లో ఉన్నంత వరకే పడుతుంది. నల్ల తెర మీద లాగిన్ వస్తుంది, డెస్క్‌టాప్ ఉండదు. తర్వాత ఏ ప్యాకేజీ అడిగినా డిస్క్ పెట్టమంటుంది, ఎందుకంటే ‘/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్’లో ‘డెబ్ సీడీరామ్’ లైను ఒక్కటే మిగులుతుంది. దాని ముందు # పెట్టి, కింద ‘డెబ్ హెచ్‌టీటీపీ://డెబ్.డెబియన్.ఆర్గ్/డెబియన్ ట్రిక్సీ మెయిన్ నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అని రాసి ‘ఆప్ట్ అప్‌డేట్’ చేస్తే దారిలో పడుతుంది. ‘ట్రిక్సీ’ అంటే డెబియన్ 13 పేరు. ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ వదిలేయకండి, మీ వై-ఫై ఫర్మ్‌వేర్‌కు అప్‌డేట్లు వచ్చేది అక్కడి నుంచే.

---

ఆరో_వెర్షన్:

13తో వై-ఫై మీద ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రౌటర్‌లో భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చండి, ఇన్‌స్టాలర్ అడిగేది డబ్ల్యూపీఏ2 వరకే. కాలేజీ, ఆఫీసుల్లో యూజర్ నేమ్‌తో చేరే వై-ఫై కూడా ఇన్‌స్టాలర్‌లో కుదరదు, అక్కడ ఫోన్ టెథరింగే.

ఇన్‌స్టాల్ అయ్యాక ఒక చిక్కు ఎదురుకావచ్చు. ముందు డెస్క్‌టాప్ లేకుండా వేసి తర్వాత చేర్చినా, ఇన్‌స్టాలర్‌లో అడ్రస్ చేత్తో ఇచ్చినా, ఆ కార్డు వివరాలు ‘/ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్’లో ఉండిపోతాయి. అందులో రాసి ఉన్న కార్డును నెట్‌వర్క్‌మేనేజర్ (డెస్క్‌టాప్‌లో నెట్ చూసుకునే ప్రోగ్రామ్) ముట్టుకోదు. ‘ఎన్ఎంసీఎల్ఐ డివైస్’ కొడితే దాని పక్కన ‘అన్‌మేనేజ్డ్’ అని ఉంటుంది, పైన ప్యానెల్‌లో నెట్‌వర్క్ గుర్తు పనిచేయదు. ఆ ఫైల్లో ‘ఎల్ఓ’ లైన్లు మాత్రం ఉంచి మిగతా వాటి ముందు # పెట్టి, ‘సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్’ ఇవ్వండి. ఇక్కడ ఎన్, ఎం పెద్ద అక్షరాలు.

ఐపీవీ6 గురించి ఆపరేటర్‌కు ఫిర్యాదు ఇవ్వండి. ‘నెట్ స్లో’ అంటే రౌటర్ ఆపి ఆన్ చేయమంటారు. ‘మీ వైపు నుంచి ఐపీవీ6 అడ్రస్ వస్తోంది, దాని మీద ట్రాఫిక్ బయటికి వెళ్లడం లేదు’ అని ఈ మాటల్లోనే చెప్పండి. వాళ్లు సరిచేసేదాకా రౌటర్ పేజీలో ఐపీవీ6 ఆపేస్తే ఇంట్లో ఉన్న మిగతా లినక్స్ యంత్రాలకూ ‘ఆప్ట్’ నిలిచిపోవడం తగ్గుతుంది.

---

తీగలు_జాకులు:

రౌటర్ల ఐపీవీ6 ఆపినంక ల్యాప్‌టాప్ వైరు ఒకపారి పీకి మల్ల పెట్టు తమ్మీ. పాత అడ్రస్ గడువు తీరేదాకా అట్లనే పట్టుకొని ఉంటది.